ఊయలకోట దీపం

2087 నాటికి కోటవేళ అంటే ఏమిటో పసిపిల్లలకు కూడా చెప్పనక్కర్లేదు. దీపాలు పెట్టే వేళకు రాజమహేంద్రవరం వీధులు పలచబడేవి. పునుగుల బండ్లవాళ్ళు ముందే పొయ్యి ఆర్పేసేవారు. ట్రాములు ఖాళీగా, తమంతట తామే గోదావరి వంతెన దాటి వెళ్ళేవి. ఇళ్ళలో మనుషులు కళ్ళకు గాజుపొరలు అంటించుకుని, చేతులకు స్పర్శ తొడుగులు వేసుకుని, గోడకు ఆనుకుని కూర్చునేవారు. ఆ పైన రెండు గంటలపాటు వాళ్ళు రాజమహేంద్రవరంలో ఉండరు. కోటలపోరులో ఉంటారు.

అది ఆటే. కాని పెళ్ళిచూపుల్లో గోత్రం అడిగిన నోటితోనే "ఏ కూటమి?" అని అడిగే రోజులవి. ఆటగాడు కొండల్లో కొంత చోటు దక్కించుకుని, రాయి మీద రాయి పేర్చి కోట కట్టుకుంటాడు. ఒంటరి కోట వారం నిలవదు. అందుకని కూటములు. కూటముల మధ్య రాయబారాలు, సంధులు, ఆ సంధులను ఎప్పుడు తెంచితే లాభమన్న ఆలోచనలు. ఏడాదికొకసారి అంతిమ పోరు. గెలిచిన కూటమి కోటలు పటం మీద నిలుస్తాయి. ఓడిన కూటమి కోటలు చెరిగిపోతాయి. కోట చెరిగిన యజమాని ఏడాదిపాటు ఆటకు బయట ఉండాలి. గెలిచినవాళ్ళు తలుచుకుంటే, ఓడినవాళ్ళ కోటల్లో ఒక్కదానికి మాత్రం అభయం ఇవ్వవచ్చు.

డాక్టర్ హైమావతికి ఈ నియమాలన్నీ యాభై దాటాక తెలిశాయి. అంతకుముందు కూతురు రవళి అన్నం తింటూ చెబుతుంటే సగమే వినేది. రవళి పోయిన తర్వాత, మిగతా సగం తెలుసుకోవడానికి తనే గాజుపొరలు పెట్టుకుంది.

రవళి కట్టిన కోట తంగేడు కూటమికి వాయవ్య సరిహద్దులో, ఒక ఇరుకు కనుమ మీద ఉంది. యుద్ధానికి పనికొచ్చేవన్నీ అందులో ఉన్నాయి. పనికిరానిది ఒక్కటుంది. బురుజు పైన, కావలివాడు నిలబడవలసిన చోట, ఆ అమ్మాయి ఒక ఊయల కట్టింది. అందుకని కూటమిలో అందరూ దాన్ని ఊయలకోట అనేవారు. రవళి చేతులతో చేసినవాటిలో ఇంకా నిలిచి ఉన్నది అదొక్కటే. తంగేడు కూటమి ఓడిపోతే అదీ చెరిగిపోతుంది. హైమావతి ఆటలో ఉన్నది అందుకోసమే. తనకంటూ కోట కట్టుకోలేదు. అయినా మనుషుల మాటలను తూచి చూడడం ఆమె వృత్తి కాబట్టి, కొద్ది నెలలకే కూటమివాళ్ళు ఆమెను మంత్రిని చేసుకున్నారు. ఎవరితో సంధి చెయ్యాలో, దండు ఎక్కడ నిలపాలో ఆమె చెబితే వినేవారు.

ఆ ఆటలో ప్రతి కోట బురుజు మీదా సాయంత్రం ఒక దీపం వెలగాలి. వెలగకపోతే ఆ కోటకు మనిషి లేడని ఆట తేల్చేస్తుంది. తెల్లారేసరికి అది ఎవరిదీ కాని రాళ్ళగుట్ట. యజమాని రాలేని రోజున వత్తిని ఇంకొకరి చేతికి అప్పగించవచ్చు. దాన్ని కాపు అంటారు. కోట గుమ్మాలకు కూడా అలాగే కాపు ఉంటుంది. అయితే పరాయివాళ్ళ దీపాన్ని ఒకే చెయ్యి వరసగా రెండు సాయంత్రాలు వెలిగించడానికి వీల్లేదు. ఇంకో చేతికి అందించాలి. తంగేడు కూటమిలో ఈ అప్పగింతకు ఒక ఆచారం ఉండేది. ఇచ్చేవారు "దీపం జాగ్రత్త" అనాలి. పుచ్చుకునేవారు "ఉన్నాను" అనాలి. అంతకుమించి సంతకాలు, హామీలు లేవు.

హైమావతి మొదటిసారి ఆటలో అడుగుపెట్టిన సాయంత్రం ఊయలకోట మీద దీపం వెలుగుతూనే ఉంది. ఆమె చాలాసేపు ఆ వెలుగు వంక చూసి, అది ఎలా వెలిగిందని కూటమి పెద్ద సింహాద్రిని అడిగింది. సింహాద్రి భీమునిపట్నంలో ఐసు ఫ్యాక్టరీ మేస్త్రి.

"మీ పాపే ఏదో ప్రోగ్రాం పెట్టేసి ఉంటాది మేడమ్. దానంతట అదే ఎలుగుతాది," అన్నాడు సింహాద్రి. "తెలివైన పిల్ల గదా."

హైమావతి ప్రతి మాటనూ పరీక్షకు పెట్టే మనిషి. ఆ ఒక్క మాటను పెట్టలేదు. రోజూ కూటమి రాజధాని మిద్దె మీద నిలబడి దూరం నుంచి ఆ దీపం చూసేది. కోట లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు.

*

ఆమె పనిచేసే వాక్ పరిశోధన కేంద్రంలో ఆ రోజుల్లో ఒక కొత్త యంత్రం తయారవుతోంది. దాని పేరు దాపుసూచి.

మనిషి మాట్లాడేటప్పుడు, చెప్పే మాటకూ చెప్పకుండా ఆపుకునే మాటకూ మధ్య పెనుగులాట ఉంటుంది. అది గొంతు కండరాల్లో సన్నని వణుకుగా బయటపడుతుంది. చెవికి అందని ఆ వణుకును మైక్రో ట్రెమర్ అంటారు. మాటకు ముందు పట్టే జాప్యాన్ని, అంటే లేటెన్సీని, శ్వాస తెగే చోటును కూడా దానితో కలిపి చూసి, ఒక న్యూరల్ నెట్‌వర్క్ అంకె చెబుతుంది. సున్నా అంటే మనిషి ఏమీ దాచడం లేదు. వంద అంటే లోపల ఉన్నదంతా దాస్తున్నాడు. చెవి వెనుక అంటించుకునే కందిగింజంత పరికరం అది. ఎవరు మాట్లాడినా ధరించినవారి చెవిలో అంకె చెబుతుంది.

దాన్ని తలపెట్టింది ఆసుపత్రుల కోసం. నొప్పి దాచుకునే రోగులు ఉంటారు. ఇంట్లోవాళ్ళు కంగారుపడతారని, పనికి సెలవు దొరకదని, ఏమీ లేదంటారు. రవళి కూడా అలాగే అంది. వానాకాలం మొదట్లో జ్వరం వచ్చినప్పుడు "బాగానే ఉన్నానమ్మా, నువ్వు ల్యాబ్‌కి వెళ్ళు" అంది. హైమావతి వెళ్ళింది. ఆ తర్వాత చెప్పుకోవడానికి ఎక్కువేమీ లేదు.

యంత్రం పూర్తి కావచ్చిన రోజున, ఆమెతో పదేళ్ళుగా పనిచేస్తున్న డేవిడ్‌రాజు దాన్ని బల్ల మీది స్పీకరుకు కలిపి చూస్తున్నాడు.

"ధరించినవాళ్ళ గొంతును వడకట్టే ఫిల్టర్ ఇంకా పెట్టలేదండీ. మీరు మాట్లాడినా మీ అంకె చెప్పేస్తుంది," అన్నాడు. తర్వాత మామూలుగా అడిగినట్టు, "భోంచేశారా?" అన్నాడు.

"చేశాను."

"డెబ్బై ఆరు," అంది యంత్రం.

డేవిడ్‌రాజు తల ఎత్తకుండా క్యారేజీ విప్పాడు. "రండి. కొరమీను పులుసు. మా ఆవిడే మీక్కూడా పెట్టింది."

"ముప్పై నాలుగు."

ఆయన నవ్వేశాడు. "సరే, సరే. నేనే అడిగి పెట్టించుకున్నాను. దీని ముందు మర్యాదగా బతకడం కూడా కష్టమే."

హైమావతి పరికరాన్ని చేతిలోకి తీసుకుంది. "దీన్ని కొన్నాళ్ళు ఇంటికి తీసుకెళ్తాను. గాజుపొరల లోపల మైక్ గొంతును పూర్తిగా పట్టుకుంటుంది. ఆటలో పరీక్షించడం తేలిక."

"ఆటలోనా? వాళ్ళకు చెప్పకుండానా?"

"చెబితే పరీక్ష పాడవుతుంది."

డేవిడ్‌రాజు క్యారేజీ మూత పక్కన పెట్టాడు. "మేడమ్, ఇది దాపరికాన్ని కొలుస్తుంది. ద్రోహాన్ని కాదు. ఆ రెండిటినీ ఒకే గాటన కట్టకండి."

"అంతిమ పోరుకు ముందు, కూటమివాళ్ళు తమ మంత్రి దగ్గర దాచేది ఇంకేం ఉంటుంది, డేవిడ్‌రాజు గారూ?"

ఆయన పులుసు గిన్నె ఆమె వైపు జరిపాడు.

ఆ సాయంత్రం ఆటలోకి వెళ్ళే ముందు హైమావతి యంత్రంతో, "నా అంకె నాకు చెప్పవద్దు," అంది.

"కొలవడం ఆపలేను. చెప్పడం ఆపుతాను," అంది యంత్రం.

*

తంగేడు కూటమికి ఎదురుగా నిలిచినవాళ్ళు ఉక్కుపిడికిలి కూటమి. వాళ్ళ నాయకుడు నెల్లూరు ఆదిశేషు. మధ్యలో నల్లరేగడి అనే మూడో కూటమి ఉంది. వాళ్ళు ఎవరు గెలుస్తారో చూసి అటు చేరే రకం. రాజధాని మిద్దె మీద కూటమి సభ జరుగుతోంది. సింహాద్రి పక్కన కర్నూలులో మందుల దుకాణం నడిపే సల్మా, సిద్దిపేటలో డ్రోన్లు బాగుచేసే నర్సింగ్ కూర్చున్నారు. వెనుక మరో పాతికమంది.

"నల్లరేగడోళ్ళు సంధి అంటున్రు," అన్నాడు నర్సింగ్. "పోయిన యేడు గూడ గట్లనే అన్నరు. మనం పండుకున్నంక గడ్డివాములు తగలవెట్టిన్రు."

"కాలింది నీ గడ్డివామే కదన్నా," అంది సల్మా. "నువ్వు పండుకుంటివి."

"పండుకుంటే? ఆ దినం కాపు నీకియ్యలేదా? నువ్వేడ వోయినవ్?"

"ఒక్క గుటక టీ తాగనీక పోతి. అంతలోనే నీ గడ్డి కాలాల్నా?"

"ఆపండెహె," అన్నాడు సింహాద్రి నవ్వు ఆపుకుంటూ. "గడ్డి మళ్ళీ మొలుస్తాది. మేడమ్ సెప్పేది ఇనండి."

హైమావతి నేల మీద పటం పరిచింది. ఆదిశేషు తూర్పు గుమ్మం ముందు పెద్ద దండు చూపిస్తాడు. కళ్ళన్నీ అటే తిప్పుతాడు. అసలు దెబ్బ వాయవ్య కనుమ నుంచి వస్తుంది. అక్కడి నుంచి రాజధానికి ధాన్యం వచ్చే దారి దగ్గర. ఇదంతా ఆమె ఒక్కొక్క మాటగా వివరించింది.

"అందుకని నా దండును కనుమకు తీసుకెళ్తాను. ఊయలకోట లోపలే మకాం."

సల్మా సింహాద్రి వంక చూసింది. సింహాద్రి పటం వంక చూశాడు.

"అక్కడికెందుకు మేడమ్? ఆ కనుమ సంగతి మేం సూసుకుంటాం గదా," అన్నాడు చివరికి.

"ఎనభై ఎనిమిది," అంది చెవిలో యంత్రం.

"అవు మేడమ్. మీరు ఈడుంటేనే మాకు ధైర్యం," అంది సల్మా.

"ఎనభై నాలుగు."

"ఆ కోట గోడలు పగుళ్ళు వెట్టినయక్కా. మీరు ఉండలేరు," అన్నాడు నర్సింగ్.

"తొంభై ఒకటి."

హైమావతి ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు. ధాన్యం గురించి అడిగింది. అంకెలు పదికి అటూఇటూ దిగాయి. తూర్పు గుమ్మం గురించి అడిగింది. అక్కడే ఉన్నాయి. మళ్ళీ కనుమ పేరెత్తింది. పైకి లేచాయి. సభలో అందరికీ కాదు. ఈ ముగ్గురికీ, వెనుక కూర్చున్న మరో నలుగురికీ.

ఆ రోజు నుంచి ఆమె ఆ ఏడుగురినీ గమనించడం మొదలుపెట్టింది. కోటవేళ మొదలైన కాసేపటికి వాళ్ళలో ఒకరు సభలోంచి మెల్లగా లేచి వెళ్ళేవారు. రోజుకొకరు. వెళ్ళే దారి వాయవ్యం. వెళ్ళేముందు, ముందురోజు వెళ్ళినవాళ్ళతో ఒక మూల నిలబడి గుసగుసగా ఏదో అనుకునేవారు. చేతిలో చెయ్యి వేసుకునేవారు. ఒకసారి తిరిగొస్తున్న సల్మాను ఆమె ఆపి, ఎక్కడికి వెళ్ళావని అడిగింది.

"మా అమ్మ పిలిచె మేడమ్. గాజుపొర తీసి పోయింటి."

"తొంభై మూడు."

మంత్రిగా ఆలోచిస్తే అర్థం చేసుకోవడం కష్టం కాదు. కనుమను అమ్మేశారు. ఏడుగురూ రోజుకొకరుగా వెళ్ళి ఆదిశేషు మనుషులతో మాట్లాడి వస్తున్నారు. అంతిమ పోరు రోజున ఊయలకోట తలుపు లోపలి నుంచే తెరుచుకుంటుంది. ప్రతిఫలంగా వాళ్ళ కోటలను గెలిచిన కూటమిలో కలుపుకుంటారు. చనిపోయిన పిల్ల కోటే అమ్మడానికి అన్నిటికంటె సులువు. అడిగే యజమాని లేదు.

అంకె తెలిసిన తర్వాత మాటను మామూలుగా వినడం కష్టం. సింహాద్రి రోజూ "తిన్నారా మేడమ్" అని అడిగేవాడు. ఇదివరకు ఆ ప్రశ్న ఆమెకు ఇష్టంగా ఉండేది. ఇప్పుడు ఆమె ఆ ప్రశ్నను కాక, దాని వెనుక వచ్చే అంకెను వినేది. నర్సింగ్ హాస్యాలకు నవ్వడం మానేసింది. ఇంట్లో గాజుపొరలు తీశాక కూడా, పాలు పోసే మనిషి "రేపు ముందే వస్తానమ్మా" అంటే చెవి వెనుక చెయ్యి పెట్టుకునేది.

అంతిమ పోరుకు ముందురోజు సింహాద్రి ఆమెను పక్కకు పిలిచాడు. రాజధాని తూర్పు గుమ్మం గడియను ఆమె చేతిలో పెట్టాడు.

"రేపు ఈ గుమ్మం కాపు మీదే మేడమ్. ఇది పడిపోతే మనమెవరం మిగలం. మీకన్నా నమ్మకస్తులు నాకు లేరు."

"మూడు," అంది యంత్రం.

హైమావతి ఆ అంకె దగ్గర ఆగింది. కొంచెంసేపే. తనను కనుమకు దూరంగా ఇక్కడ కట్టిపడెయ్యాలని అతను నిజంగానే కోరుకుంటున్నాడు, అందుకే మూడు, అనుకుంది. కొలతకు తగ్గట్టు ఆలోచనను దిద్దుకోవాలని ముప్పై ఏళ్ళుగా కుర్రాళ్ళకు చెబుతూ వచ్చిన మనిషి, ఆలోచనకు తగ్గట్టు కొలతను దిద్దుకుంది.

"ఉన్నాను," అంది సింహాద్రితో.

*

కూటమి ఎలాగూ ఓడుతుంది, ఇక మిగిలింది ఆ ఒక్క అభయమే అనుకుని, ఆ సాయంత్రమే ఆమె ఆదిశేషును కలుసుకుంది. కూటముల సరిహద్దులో సంధి మంటపం ఉంటుంది. అక్కడ ఆయుధాలు పనిచెయ్యవు. ఆదిశేషు ఆటలో కూడా పంచె పైకి కట్టుకునే తిరిగేవాడు.

"తంగేడు మంత్రి గారు నా కోసం రావడం ఏంది!" అన్నాడు. "కూర్చోండమ్మా. మీ ఎత్తుల దెబ్బకి పోయిన నెలలో మా ఏనుగులన్నీ బురదలో దిగబడ్డాయి. మా ఆవిడ ఇంకా ఎగతాళి చేస్తా ఉంది."

"రెండు," అంది యంత్రం.

"మా వాళ్ళెవరైనా మీ దగ్గరికి వచ్చారా?"

ఆదిశేషు నవ్వాడు. "అది చెప్తే నేనేం నాయకుణ్ణమ్మా? వచ్చినోళ్ళ పేర్లు చెప్పేవాణ్ణయితే, రేపు మీ పేరు గూడా చెప్తా గదా."

వచ్చినట్టేనని, ఆమెకు కావలసిన జవాబు అందులో దొరికింది. తూర్పు గుమ్మం కాపు తన దగ్గర ఉందని చెప్పింది. ఏం కావాలో చెప్పింది.

"గుమ్మం తీస్తే ఊయలకోటకి అభయం ఇస్తా," అన్నాడు ఆదిశేషు. "మా వాళ్ళెవరూ దాని రాయి ముట్టుకోరు. ఇది నా మాట."

"నాలుగు."

తన కూటమిలో అందరికంటె సింహాద్రిది పెద్ద గొంతు, తొంభైకి దగ్గరగా దాపరికం. శత్రువుది నాలుగు. శత్రువుకు ఆమె దగ్గర దాచవలసిన అవసరం లేదన్న సంగతి హైమావతికి తట్టలేదు.

"ఒక్కటి అడగతానమ్మా," అన్నాడు ఆదిశేషు లేస్తూ. "ఒక కూటమి మొత్తాన్ని ఇచ్చేస్తా ఉండారే, ఆ కోటలో అంతగా ఏముంది?"

"ఊయల ఉంది," అంది హైమావతి.

*

అంతిమ పోరు ఎలా సాగిందో పెద్దగా చెప్పవలసింది లేదు. తూర్పు గుమ్మం ముందు ఉక్కుపిడికిలి దండు నిలిచింది. గుమ్మం పైనుంచి సింహాద్రి కేకలు వేస్తూ తనవాళ్ళను ఉత్సాహపరుస్తున్నాడు. "మన గుమ్మం ఐసుగడ్డ కాదురా, కరిగిపోడానికి!" అని అతను అరిస్తే కింద నవ్వులు వినిపించాయి. హైమావతి గడియ తీసింది. దాని బరువు తొడుగుల్లోంచి ముంజేతుల దాకా తెలిసింది.

రాజధాని పడిన తర్వాత తంగేడు కోటలకు ధాన్యం అందదు. అవి ఒకదాని తర్వాత ఒకటి చెరిగిపోతుంటే, వాటి యజమానులు నిలబడిన చోటనే పొగలా పలచబడి మాయమయ్యారు. సింహాద్రి మాయమయ్యే ముందు ఆమె కోసం చుట్టూ చూశాడు. "మేడమ్‌ని బయటికి తీసుకుపొండి, మేడమ్ జాగ్రత్త," అని ఎవరికో చెబుతున్నాడు. ఆమె స్తంభం చాటున ఉంది. ఆ మాటకు యంత్రం చెప్పిన అంకె ఆమె విన్నది. సున్నా.

హైమావతికి కోట లేదు కాబట్టి ఆమెను ఏదీ బయటికి నెట్టలేదు. యుద్ధం మధ్యలోంచి నడిచి వాయవ్య కనుమకు వెళ్ళింది. ఆదిశేషు మాట తప్పలేదు. ఊయలకోట గోడల మీద అభయపు తెల్లజెండా ఎగురుతోంది. గుమ్మం మూసి ఉంది. ఆమె చెయ్యి ఆనించగానే తెరుచుకుంది. రానిచ్చేవాళ్ళ పేర్లలో తల్లి పేరును రవళి ఎప్పుడో రాసి పెట్టింది.

లోపల ఏదో ఒక మోసపు జాడ కనిపిస్తుందని ఆమె అనుకుంది. శత్రువుల గుర్తులు, తవ్విన సొరంగం, అలాంటిదేదో. ఏమీ లేదు. నర్సింగ్ చెప్పినట్టు గోడల్లో పగుళ్ళు కూడా లేవు. ప్రతి రాయి సందులోనూ కొత్త సున్నం ఉంది. ముంగిట ఎవరో ఊడ్చారు. బురుజు మెట్లెక్కి పైకి వెళ్తే అక్కడ ఊయల ఉంది. దాని తాళ్ళు కూడా కొత్తవి.

ఆటలో చీకటి పడుతోంది. దీపపు గూడు చీకటిగానే ఉంది. హైమావతి దాని ముందు నిలబడి, అది దానంతట అదే వెలగడం కోసం ఎదురుచూసింది.

మెట్ల మీద పరుగెత్తుకుంటూ ఎవరో వచ్చారు. సల్మా. ఆమె భుజాలు అప్పటికే పలచబడి, వెనుక ఉన్న గోడ వాటిలోంచి కనబడుతోంది. గుప్పిట్లో ఏదో పట్టుకుని ఉంది.

"మేడమ్! ఈడుండారా! మీకేమన్నా అయిందేమో అనుకుంటి," అంది ఆయాసపడుతూ. "నా కోటకి ఇంకొక్క గోడే మిగిలింది. అది పడేలోపల వచ్చేస్తానో లేదో అని ఒకటే పరుగు. ఇయాల నా వంతు."

"ఏం వంతు?"

సల్మా గుప్పిట విప్పింది. అందులో వత్తి ఉంది.

"దీపం వంతు," అంది. ఇక దాచి లాభం లేదనుకున్నట్టు గూటి పక్కన కూలబడింది. "ఆ పొద్దు రవళి నాకే కాపు ఇచ్చింది మేడమ్. 'ఒళ్ళు అస్సలు బాగలేదక్కా, అమ్మకి చెప్పలా, ఈ ఒక్క సాయంత్రం చూసుకో' అనింది. మళ్ళ రాలేదు. ఒకే చెయ్యి రెండు దినాలు వెలిగించకూడదు గదా, నేను సింహాద్రన్నకిచ్చినా. ఆయప్ప నర్సింగన్నకిచ్చె. అట్ల ఏడు మందిమి. అప్పటి నుంచి చెయ్యి మారతానే ఉండాది. ఒక్క సాయంత్రం గూడా తప్పలేదు."

"రెండు," అంది యంత్రం.

హైమావతి వత్తి వంక చూసింది. "నాకెందుకు చెప్పలేదు?"

"పోయినోళ్ళ కోట మూసెయ్యాలని ఆట నియమం. మీకు తెలిస్తే మీరు గూడా దాచాల. 'మేడమ్‌కి అబద్ధం ఆడేది రాదు, ఆయమ్మ మీద ఆ బరువు పెట్టొద్దు' అన్నాడు సింహాద్రన్న." సల్మా ఊయల తాడును చేత్తో తడిమింది. "ఇంకోటి మేడమ్. అది దానంతట అదే వెలుగుతాదని మీరు నమ్మి రోజూ మిద్దె మీద నిలబడి చూస్తా ఉంటిరి. చెప్పబుద్ధి కాలేదు. మీరు ఈడ మకాం పెడతానన్న దినం మా పానాలు పోయినాయి."

"ఒకటి."

కింద ఎక్కడో గోడ కూలిన చప్పుడైంది. సల్మా మోచేతుల దాకా చెరిగిపోయింది. వత్తి పట్టుకున్న అరచెయ్యి మాత్రం స్పష్టంగా ఉంది.

"మేడమ్, తూర్పు గుమ్మం లోపలి నుంచే తీసినారంట. మీరు ఆడనే ఉంటిరి గదా. ఎవరు తీసినారు?"

హైమావతి ఆమె ముఖంలోకి చూసింది.

"తెలియదు," అంది.

సల్మా తల ఊపింది. ఆమెకు ఆ మాట చాలింది. "పోనీలెండి. మీరు మిగిలినారు, ఈ కోట మిగిలింది. అంతే చాలు." వత్తిని హైమావతి చేతిలో పెట్టింది. "దీపం జాగ్రత్త మేడమ్."

"ఉన్నాను."

సల్మా నవ్వుతూ ఏదో అనబోయింది. ఆ నవ్వు ఉన్న చోట గోడ మాత్రం మిగిలింది.

హైమావతి వత్తిని గూట్లో పెట్టి వెలిగించింది. మంట మొదట వణికి, తర్వాత నిలబడింది. ఇన్నాళ్ళూ దూరం నుంచి చూసిన వెలుగు దగ్గరగా చూస్తే చాలా చిన్నది. రేపు సాయంత్రం దీన్ని తన చెయ్యి వెలిగించకూడదు. ఇంకో చేతికి ఇవ్వాలి. ఆమె బురుజు అంచుకు వచ్చి కింద కనుమ పొడుగునా చూసింది. ఎటు చూసినా ఉక్కుపిడికిలి జెండాలే. గెలిచినవాళ్ళు పాటలు పాడుకుంటున్నారు. ఆ ఏడు చేతుల్లో ఒక్కటి కూడా ఏడాది దాకా ఈ పటం మీద ఉండదు.

ఆమె తిరిగి వచ్చి ఊయల పక్కన నిలబడింది. కూర్చోలేదు.

"నా అంకె చెప్పు," అంది యంత్రంతో.

"ఏ మాటకు?"

"చివరి రెండు మాటలకు."

"'తెలియదు' అన్నదానికి తొంభై ఎనిమిది," అంది యంత్రం. "'ఉన్నాను' అన్నదానికి ఒకటి."